పదహారు మీద ఇంకొక పత్తా

బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ కొత్తగ నడవడం మొదలైన ఏడు మేము నిజామాబాద్ నుంచి ఆడికి పోయినం. మా ఇంటాయన అంతకుముందు నిజామాబాద్‌ల ఒక బియ్యం మిల్లుల ఫిట్టరు. ఫ్యాక్టరీల చెరుకు పిండే మిషన్ల కాడ పని దొరికింది, ఉండెతందుకు క్వార్టరు గూడ ఇచ్చిండ్రు. రెండర్రలు, వెనుక చిన్న పెరడు, పెరడుకు నడుమెత్తు గోడ. మాతోపాటు మా అత్తమ్మ గూడ వచ్చింది. కోటగిరిల చేను, బర్రె చిన్న కొడుకుకు అప్పజెప్పి, నాకు తోడుంటనని వచ్చింది.

తోడు ఎందుకంటే, ఆ వానకాలమే నాకు పుట్టిన ఆడపిల్ల నెల నిండకముందే చచ్చిపోయింది. నిజామాబాద్ అవతల వాగొడ్డుకు తీసుకపోయి పెట్టి వచ్చిండ్రు. నన్ను రానియ్యలే. ఆ తెల్లారి నుంచి ఇంట్ల ఎవ్వరూ పిల్ల మాట ఎత్తలే. ఎత్తితే నేను ఏడుస్తనని వాళ్ళనుకున్నరు. వాళ్ళు ఎత్తుతరేమోనని నేను కాసుకుంటుంటి.

ఏడుపు రాకపోయేది. కాలు మాత్రం నిలువకపోయేది. తెల్లారి లేసి వాకిలి ఊడ్సి, ముగ్గేసి, మళ్ళ చెరిపి ఇంకొకటి వేస్తుంటి. అన్నం పొయ్యి మీద పెట్టి పెరట్లకు, పెరట్ల నుంచి ముంగటి గేటుకు, గేటు నుంచి మళ్ళ పొయ్యి కాడికి. కూసుంటే ఒళ్ళంత చీమలు పాకినట్టయ్యేది. ఫ్యాక్టరీ భోంగా కూసినప్పుడల్ల ఎవరో నన్నే పిలిచినట్టు లేసి నిలబడేదాన్ని. గాలి మా దిక్కు తిరిగితే మడ్డి వాసన, మాడిన బెల్లం తీరు. ఆ వాసనకు అన్నం పోకపోయేది.

"కాలుగాలిన పిల్లి తీరు ఏం తిరుగుతవే? కూసో జరసేపు," అంటుండె అత్తమ్మ.

"కూసుంటనే ఉన్న గద అత్తమ్మా," అని నిలబడే చెప్తుంటి.

మా ఇంటాయన మాత్రం రాయి లెక్క ఉండె. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కొని, తిని, గోడకు ఒరిగి కూసుంటే మళ్ళ భోంగా కూసేదాంక కదలకపోయేది. ఆయనను చూస్తే నాకు కోపమొచ్చేది. ఈ మనిషికి ఏమీ కాలేదా అనుకునేదాన్ని. అడగలే.

మా వరుసల చివరి క్వార్టరు మాకంటె జర పెద్దది. దాంట్ల చక్కెర పాకం కాచే మిస్త్రీ, ఆయన పెండ్లాం ఉంటుండిరి. వాళ్ళు సముద్రం అవతల మారిషస్ దీవి నుంచి వచ్చిండ్రు. వాళ్ళ తాతలు ఎప్పుడో విశాఖపట్నం దిక్కు నుంచి చెరుకు తోటలల్ల పనికి ఓడెక్కి పోయినోళ్ళట. ఇప్పుడు కొత్త ఫ్యాక్టరీకి పాకం తెలిసిన మనుషులు కావాలెనని కరారు మీద పిలిపిచ్చిండ్రు. ఆమెకు ముప్పై ఏండ్లుంటయి. పిల్లలు లేరు. ఆమె మాట్లాడేది తెలుగే గాని మాకు సగమే తెలుస్తుండె. మా మాట ఆమెకు సగమే. నడుమ నడుమ వాళ్ళ దీవి మాటలు.

ఒకనాడు పొద్దటిపూట నేను పెరట్ల తిరుగుతుంటె గోడ అవతల నుంచి పిలిచింది.

"ఏటమ్మా, నువ్వేటైనా పారేసుకున్నావా?"

"లేదక్కా."

"మరి రోజూ ఏటి వెతుకుతున్నావు? నేను చూస్తన్నాను, మనిషి గట్టు మీద కోడిలాగ తిరుగుతంది. రా, ఇలాగ వచ్చి కూకో."

పోయిన. ముంగటి అర్రల ఒక బల్ల, దాని మీద ఆకుపచ్చ గొంగడి పరిచి ఉండె. గొంగడి మీద పేక పత్తాలు. ఆమె ఒక్కతే ఆడుకుంటుంది. నాకు నవ్వొచ్చింది. మా దిక్కు పత్తాలంటే మొగోళ్ళు కల్లు కాంపౌండు ఎనుక చెట్ల కింద కూసోని ఆడేటివి. ఆడది పత్తాలు పట్టుకునుడు నేను అదే చూసుడు.

"ఇది మా నాయన పని," అన్నది. ఆమె తండ్రి ఆ దీవి పట్నంల ఒక జూదపింట్ల పత్తాలు పంచే కొలువు చేసిండట. దొరలు, తోటల యజమానులు వచ్చి ఆకుపచ్చ బట్ట పరిచిన బల్లల సుట్టు కూసునేదట. తండ్రి ఇంట్ల పిల్లలకు గూడ ఆ ఆటలన్ని నేర్పిండు. కాని పైసలతోని ఆడనియ్యకపోయేదట. ఈమె నాతోని గూడ పైసలతోని ఆడలే. ఇద్దరం చెరిన్ని చింతగింజలు పెట్టుకున్నం.

ఆ ఆటకు వాళ్ళ దీవిల ఏందో పేరుండె, నాకు నోరు తిరగలే. ఇరవై ఒకటి అనుకున్నం. కట్ట పంచే మనిషి ఒక దిక్కు, ఆడే మనుషులు ఇంకో దిక్కు. తలా రెండు పత్తాలు. పత్తాల లెక్క ఇరవై ఒకటికి ఎంత దగ్గరుంటే అంత మంచిది, దాటితే కాలిపోయినట్టు. రాజు, రాణి, గులాము తలా పది. ఎక్కను, అంటే ఆసును, ఒకటనుకోవచ్చు, పదకొండనుకోవచ్చు. చాలనుకుంటే చెయ్యి అడ్డం ఊపాలె, ఇంకొకటి కావాలంటే బల్ల మీద వేలు తట్టాలె. పంచే మనిషి తన రెండు పత్తాలల్ల ఒకటి తెరిచి పెడుతది, ఒకటి బోర్లిస్తది. అందరైనంక బోర్లిచ్చింది తిప్పుతది.

నేను పాదిరీల మిషన్ బడిల నాలుగు తరగతులు చదివిన, లెక్క కష్టం గాలే. కష్టమయింది ఆగుడు. చేతుల పదకొండున్నా తట్టేదాన్ని, పద్నాలుగున్నా తట్టేదాన్ని, పదిహేడున్నా వేలు ఊరుకోకపోయేది. కాలిపోతుంటి. మళ్ళ పంచమంటుంటి.

మొదటి వారమే ఒక పొద్దు నాకు పది, నాలుగు వచ్చినయి. ఆమె ముంగట ఐదు తెరిచి ఉంది. నేను తట్టిన. తొమ్మిది పడ్డది. ఇరవై మూడు, కాలిపోయిన.

ఆమె నా చెయ్యి పట్టుకున్నది. "ఆగు. ఇప్పుడు చూడు," అని తన బోర్ల పత్తా తిప్పింది. రాజు. ఐదు, పది, పదిహేను.

"మా నాయన చెప్పిన రూలేటి? పంచేవాడికి పదహారో, పదహారు కంటె తక్కువో ఉంటే తియ్యాలి. పదిహేడు వస్తే ఆగాలి. వాడి ఇష్టం కాదు. కదా? నువ్వు ఆగి ఉంటే ఈ తొమ్మిది ఎవరికి వచ్చేది?"

"నీకు."

"పదిహేను, తొమ్మిది?"

"ఇరవై నాలుగు."

"నేను కాలిపోయేదాన్ని. నువ్వు గెలిచేదానివి. నీ చేతిలోది కాదమ్మా చూడాలి. నా ముందు తెరిచినది చూడు. నాలుగు, ఐదు, ఆరు కనబడితే నేను కష్టంలో ఉన్నానని అర్థం. కట్టలో పది లెక్కవే ఎక్కువ, నాకు అవే వస్తాయి, నేనే కాలుతాను. నువ్వు పన్నెండు మీద గూడా చెయ్యి ఊపేసి ఊరుకో. నా ముందు పదో, రాణో ఉంటే అప్పుడు భయపడు, పదిహేడు దాకా తీసుకో."

నాకు సమఝయింది. ఇంటికి పోయి కందిపప్పు ఏరుకుంట గూడ అదే మతిల తిప్పుకున్న. మర్నాడు మళ్ళ పన్నెండు వచ్చింది, ఆమె ముంగట ఆరుంది, వేలు బల్ల మీద తట్టనే తట్టింది. తెలుసుడు వేరు, వేలు వేరు.

మా అత్తమ్మకు తెలిసే తెలిసింది. ఒకనాడు నేరుగ వచ్చి అక్క వాళ్ళ తలుపుల నిలబడ్డది, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని.

"ఆడోళ్ళు పత్తాలాడుతరానే? మీ బాపు సూస్తే ఏమంటడు? నా కొడుకు సూస్తే ఏమంటడు?"

అక్క కుర్చీ జరిపింది. అత్తమ్మ కుర్చీల కూసోలే, కింద గోడకు ఒరిగి కూసున్నది, నన్ను తీసుకపోదామనే. నశ్యం డబ్బి తీసి పీల్సుకుంట మా ఆట చూసింది. జరసేపటికి, "గా రాజు బొమ్మకెన్ని?" అన్నది. ఇంకో వారానికి తన కొంగుల చింతగింజలు తనే కట్టుకొచ్చేది. ఆమె ఆడుడు చూస్తే మాకు నవ్వాగకపోయేది. ఇరవై రెండొస్తే ఒక పత్తా మోకాలు కింద దాచేది. పట్టుకుంటే, "నా కండ్లు సరిగ అవుపడయి బిడ్డా," అనేది. ఆమె ఆటల ఎన్నడూ బాధపడలే. ఓడినా గెలిచినా గింజలు మూటగట్టుకొని, బర్రెకు దాణా పెట్టే యాళ్ళయిందన్నట్టు లేసిపోయేది. బోధన్‌ల మాకు బర్రె లేకుండె.

నేను లేవలేకపోయేదాన్ని. పొద్దున పోతుంటి, పగటిల్లి పోతుంటి, ఆయన డ్యూటీకి పోంగనే పోతుంటి. అక్క బట్టలుతుక్కుంటున్నా, వంట చేస్తున్నా బల్ల కాడ కూసోని కట్ట కలుపుకుంట ఆమె కొరకు చూస్తుంటి. అప్పుడు కాళ్ళు ఊరుకునేటియి, ఆ తిరుగుడు చేతులకు ఎక్కింది. ఇంట్ల కూర మాడింది. అత్తమ్మ జొరం వచ్చి పండుకున్న పొద్దు గూడ కషాయం ముంగట పెట్టి పోయిన.

ఆ పొద్దే అక్క తలుపు సగం తెరిచి నిలబడ్డది.

"ఇయాల వద్దమ్మా."

"ఒంట్ల బాలేదా అక్కా?"

"బానే ఉంది. ఇయాల వద్దు. రేపు గూడా వద్దు."

"ఒక్క పంపకం," అన్న. నా గొంతు నాకే కొత్తగ వినిపిచ్చింది.

ఆమె బయటికొచ్చి మెట్టు మీద కూసున్నది. నన్ను గూడ కూసోమన్నది. వాళ్ళ నాయన బల్ల కాడికి ఒకాయన వచ్చేదట, పెండ్లాం చచ్చిపోయిన మనిషి. గెలిస్తే సంతోషం లేదు, ఓడితే దుఃఖం లేదు, ఊరికె ఇంకొకటి, ఇంకొకటి అనేదట. పొద్దుమూకి బల్ల మూసేస్తే గోడ దిక్కు చూసుకుంట నిలబడేదట.

"మా నాయన ఇంటికొచ్చి అమ్మతో చెప్పేవాడు, వాడు ఆటకు రాలేదు, ఇంటికి పోలేక వచ్చేడు అని. నువ్వు గూడా ఆటకు రాటంలేదు. నిన్ను నేనే కూకోబెట్టేను, ఇప్పుడు నేనే లేపాలి."

నాకు మొఖం మీద కొట్టినట్టయింది. చెప్పు గూడ తొడుక్కోకుంట ఇంటికొచ్చిన. ఆమె మీద పండ్లు కొరికిన. వారం దినాలు ఆ దిక్కు చూడలే. మళ్ళ పెరట్ల నుంచి గేటుకు, గేటు నుంచి పెరట్లకు. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ ముంగట రోడ్డంత నిలబడుతుండె, ఎడ్ల మెడల గంటలు పొద్దంత మోగేటియి. అవి ఎప్పుడు కదులుతయా అని చూసుకుంట నిలబడేదాన్ని. ఒక బండి కదిలితే దాని ఎనుకది కదిలేది. ఒక్కోసారి ఏ బండీ కదలకపోయేది.

ఆకరికి అక్కనే మా ఇంటికి వచ్చింది. ఫ్యాక్టరీ దావఖానకు మంచాలు కొనెతందుకు మేనేజరు పెండ్లాం పెద్ద దొరసాని క్లబ్బు ముంగట జాతర లెక్క ఒకటి పెడుతున్నదట. చాయ, బిస్కిట్లు, ఉంగరాలు విసిరే ఆట, పత్తాల బల్ల. పత్తాల బల్ల అక్క నడపాలెనని దొరసాని అడిగిందట.

"నేను నిన్ను పంచమంటాను," అన్నది.

"నేనా? నన్ను ఆడొద్దన్నవు గదా?"

"ఆడొద్దన్నాను. పంచేవాళ్ళు ఆడరమ్మా. నీకక్కడ ఇష్టమొచ్చింది చేసే అధికారం లేదు. పదహారైతే తియ్యాలి, పదిహేడైతే ఆగాలి. నీ వేలు మాట ఎవడూ వినడు. నేను నీ వెనకాల నిలబడతాను."

మా ఇంటాయన ఏమంటడో అనుకున్న. "దావఖాన కొరకే గదా, పో," అన్నడు, పళ్ళెంల నుంచి తలెత్తకుంట. అత్తమ్మ మాత్రం నా జడ తనే వేసింది. గట్టిగ గుంజి వేసింది, నొప్పి పెట్టేటట్టు.

ఆ పగటిల్లి క్లబ్బు ముంగట షామియానా కింద ఆకుపచ్చ గొంగడి పరిచిన బల్ల ఎనుక నిలబడ్డ. కొంగు నెత్తి మీదికి గుంజుకున్న. గేటు కాడ చీటీ కొన్నోళ్ళకు రంగు బిళ్ళలిచ్చిండ్రు, ఆ బిళ్ళలతోని ఆట. గెలిచిన బిళ్ళలు చూపిస్తే సబ్బు, బిస్కిట్ డబ్బా. మొదటి రెండు పంపకాలల్ల పత్తాలు జారినయి. ఎనుకనుంచి అక్క "మెల్లగా" అన్నది, గంతే.

జరసేపటికి చేతులు సర్దుకున్నయి. తెరిచిన పత్తా ఒకటి, బోర్ల పత్తా ఒకటి. నేను ఏమీ ఎంచుకునేది లేదు. ఎదురుంగ కూసున్నోళ్ళ మొఖాలు చూసేంత తీరిక దొరికింది. ల్యాబుల పనిచేసే బాబు మీసం కొరుక్కుంటుండె. చెరుకు తూకం కాడి మరాఠీ ముసలాయన "పురే, పురే" అనుకుంట చెయ్యి ఊపుతుండె. చాలు, చాలు అనుడన్నట్టు. వాళ్ళ సంగతి నాకు వాళ్ళకంటె ముందు తెలుస్తుండె.

షిఫ్టు దిగినంక మా ఇంటాయన వచ్చిండు. తెల్లంగి తొడుక్కున్నడు. బల్ల చివరి జాగల కూసోని బిళ్ళ ముంగట పెట్టిండు. నా దిక్కు చూడలే. పంచిన. నా ముంగట ఆరు తెరుచుకుంది. పత్తాలు అందరికీ కనబడేటట్టే పంచుతున్నం. ల్యాబు బాబుకు పదిహేను, ఆగిండు. ఇంకొకాయనకు పద్నాలుగు, ఆగిండు. మరాఠీ ముసలాయనకు పన్నెండు, పురే అన్నడు. మా ఇంటాయనకు ఏడు, ఆరు. పదమూడు.

నా ముంగట ఆరుంది. ఆగాలె. నోట్ల మాట ఆపుకుంట ఆయనను చూసిన.

వేలుతోని తట్టిండు.

మూడు పడ్డది. పదహారు. ఆగుతడనుకున్న. మళ్ళ తట్టిండు. ఆ తట్టుడు నాకు తెలుసు. వేలు మనిషిని అడగకుంట తట్టే తీరు. రాణి పడ్డది, కాలిపోయిండు. ఆయన బిళ్ళ నేనే తీసుకోవాలె, తీసుకున్న.

బోర్ల పత్తా తిప్పిన. గులాము. పది, ఆరు, నాకు గూడ పదహారు. మిగిలినోళ్ళందరికీ నాకంటె తక్కువే. ఆగితే అందరి బిళ్ళలు దావఖానకే. పక్కన నిలబడ్డ దొరసాని, "రుకో, రుకో, బస్," అని నవ్వింది. ఎనుక నుంచి అక్క, "తియ్యి," అన్నది.

తీసిన. ఏడు. ఇరవై మూడు.

బల్ల సుట్టు అందరు చప్పట్లు కొట్టిండ్రు. అందరు గెలిచిండ్రు, ఆయన తప్ప. పదహారు మీద ఆయన ఆగి ఉంటే ఆ రాణి నాకే వస్తుండె, ఆయన గూడ గెలుస్తుండె. ఆ లెక్క బల్ల కాడ నాకొక్కదానికే తెలుసేమో. ఆయన ఖాళీ అయిన జాగల ఇంకొక బిళ్ళ పెట్టిండు. అప్పుడు తలెత్తి నన్ను చూసిండు. కండ్లల్ల నీళ్ళు లేవు. కాని గోడకు ఒరిగి కూసునే ఆ రాయిమనిషి గాదు. ఇంకొకటి ఇయ్యి, ఊకె ఇస్తనే ఉండు అన్నట్టున్నది ఆ చూపు. నేను అక్క తలుపుల నిలబడ్డప్పుడు నా మొఖం గిట్లనే ఉండొచ్చు.

మళ్ళ పంచిన. మళ్ళ కాలిపోయిండు. బిళ్ళలైపోయేదాంక కాలిపోయిండు. నాకు చెప్పే హక్కు లేదు.

పొద్దుగూకే యాళ్ళ బల్ల ఎత్తేసినం. ఇద్దరం బండ్ల రోడ్డు పట్టుకొని ఇంటికి నడిచినం. అత్తమ్మ ముందే పోయింది.

"పదహారు మీద ఎందుకు ఆగలే?" అన్న.

"ఆగితే ఏమొస్తది?"

"గెలుస్తుంటివి."

"నాకు గెలుసుడు ఎరుకలేదు," అన్నడు. ఇంకొంత నడిచినంక, "వాగొడ్డుకాడ గూడ ఇట్లనే అయింది. మన్ను పోసిండ్రు, చాలన్నరు. నేను పోస్తనే ఉన్న. మా తమ్ముడు చెయ్యి పట్టి గుంజుకొచ్చిండు," అన్నడు.

నేను రోడ్డు మీదనే నిలబడ్డ. ఎనుక వచ్చే బండాయన అదిలిచ్చిండు, పక్కకు జరిగినం.

"మొఖం కప్పిండ్రా?" అని అడిగిన. అప్పటిదాంక ఎవ్వరినీ అడగని మాట.

"కప్పిండ్రు. నీ చీర ముక్కతోని. నీలం రంగుది."

ఆ చీర ఎందుకు చినిగిందో నాకప్పుడు తెలిసింది. పెట్టెల సగం చీరను చూసి ఎలుకలు కొట్టినయనుకున్న. ఆ రోడ్డు మీద, చెరుకు బండ్ల నడుమ ఇద్దరం ఏడిచినం. ఆయన అంగీ చేతితోని మొఖం తుడుసుకుంట, "అవ్వకు చెప్పకు," అన్నడు. చెప్పలే. చెప్పకున్నా అత్తమ్మకు తెలిసినట్టే ఉండె. ఆ పూట మా ఇద్దరికీ తనే వడ్డిచ్చింది, ఏమీ అడగలే.

తర్వాత ఒక ఆయితారం రైలెక్కి నిజామాబాద్ పోయినం. వాగొడ్డు దొరికింది గాని ఆ జాగ దొరకలే. వానలకు ఒడ్డు కోసుకపోయింది. ఆయన ఇక్కడంటడు, కాదు అక్కడంటడు. ఎండల శానసేపు తిరిగి, ఇద్దరం ఒక తుమ్మ చెట్టు కాడ ఆగి, ఇక్కడే అనుకుందమన్నం. బజార్ల ఒక హోటల్ల మిర్చీలు తిని చాయ తాగినం. తిరిగి వచ్చేటప్పుడు రైల్ల ఆయనకు నిద్ర పట్టింది. నాకు పట్టలే.

నా కాళ్ళు పూర్తిగ నిలిచినయని చెప్పను. కాని గేటు కాడికి పోయే తిరుగుడు తగ్గింది. అక్క వాళ్ళింటికి మళ్ళ పోయిన, ఆమె చెప్పిన పూటనే. ఆమె లెమ్మన్నప్పుడు లేస్తుంటి, మూతి ముడుసుకొని.

చెరుకు పిండే సీజను అయినంక ఆమె మొగని కరారు మళ్ళ రాయలే. ఉత్తరాది దిక్కు ఇంకొక ఫ్యాక్టరీల పని ఉందని పోయిండ్రు. దీవికి పోతరా అంటే, ఓడకు అంత ఖర్చు ఎవరు పెడతారమ్మా అన్నది. స్టేషన్‌కు అత్తమ్మ, నేను పోయినం. పత్తాల కట్ట నాకిచ్చి పొమ్మని అడిగిన. ఇయ్యలే. "నీకెందుకు? నాకు కావాలి. ఆడ నాకెవరున్నారు?" అన్నది. అప్పటిదాంక ఆమెకు గూడ ఇంటికి పోలేని బాధ ఉన్నదని నాకు మతికి రాలే. అత్తమ్మ ఆమె చేతుల జొన్న రొట్టెల మూట పెట్టింది.

చివరి క్వార్టరుల కొన్ని దినాలకే భైంసా దిక్కు మరాఠీ కుటుంబం దిగింది. ఇంటినిండ పిల్లలు, పొద్దంత లొల్లి. ఆ ఇంటామెకు పత్తాలు తెలియయి. ముంగటి అర్రల కిటికీ కాడ కుట్టు మిషను పెట్టుకున్నది. ఇరవై ఒకటి బల్ల ఉండే జాగల్నే. మిషను చప్పుడు నేను రెండు దినాలు గోడ అవతల నుంచి విన్న. మూడో దినం చేతులు కడుక్కొని ఆ తలుపుల నిలబడి, వచ్చినంత మరాఠీల అడిగిన, నాకు నేర్పుతవా అని.